మాంక్ చేతిలో ఆయుధం: పేరు మారిస్తే చాలా, రూల్ కూడా మార్చాలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో వచ్చింది. టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేస్తూ, పాచికలతో ఆడే కథల ఆట ఇది. మరుసటి ఏడాదే బ్లాక్‌మూర్ అనే అనుబంధ పుస్తకంలో మాంక్ (సన్యాసి యోధుడు) అనే క్లాస్, అంటే పాత్ర రకం, చేరింది. కవచం వేసుకోడు, ఉట్టి చేతులతో కొడతాడు, అందరికంటే వేగంగా కదులుతాడు. అప్పటికి హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాల గాలి అమెరికాలో జోరుగా వీస్తోంది. కాబట్టి ఈ సన్యాసి యూరప్ మఠాల నుంచి కాక చైనాలోని షావోలిన్ మఠం వైపు నుంచి వచ్చాడని ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. అతని చేతికి ఇచ్చిన ఆయుధాలు ఎక్కడివన్నది మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు.

2003 నాటి 3.5 ఎడిషన్ మాంక్‌కు ప్రత్యేకమని చెప్పిన ఆయుధాలు ఆరు: కామా, నున్‌చాకు, సాయ్, షురికెన్, సియాంగమ్, క్వార్టర్‌స్టాఫ్. మొదటి మూడూ ఒకినావా దీవివి. కామా అంటే పంట కోసే కొడవలి. నున్‌చాకు అంటే గొలుసుతో కలిపిన రెండు కర్రలు. సాయ్‌ని ర్యూక్యూ రాజ్యంలో పట్టుకు తిరిగింది శాంతిభద్రతలు చూసే ఉద్యోగులు. షురికెన్ అనే చిన్న విసురు అలుగు జపాన్ యోధుల విద్య. మఠంలో భిక్షువులు పట్టారని గట్టిగా చెప్పగలిగింది ఒక్క కర్రనే. ఇక నిజంగా సన్యాసులు యుద్ధాలకు తీసుకెళ్లిన ఆయుధాలున్నాయి. జపాన్‌లో హియెయ్ కొండ మీది ఎన్‌ర్యాకుజి ఆలయంలో యోధ భిక్షువులు పట్టిన నాగినాతా (పొడవాటి కర్రకు వంపు కత్తి బిగించిన ఆయుధం), నారా నగరంలో ఒక భిక్షువు తీర్చిదిద్దిన శిలువ ఈటె, మన నాగా సాధువుల త్రిశూలం, కత్తి అలాంటివి. ఇవి ఆ జాబితాలో లేవు. కొన్నింటిని తర్వాతి ఎడిషన్లు రూల్ పెట్టి మరీ దూరం పెట్టాయి.

2014 ఐదో ఎడిషన్‌లో మాంక్ ఆయుధం అంటే షార్ట్‌స్వోర్డ్, లేదా రెండు చేతులు తప్పనిసరి కాని, బరువైనవి కాని సాధారణ కొట్లాట ఆయుధాలు. 2024 సవరణలో ఇది కాస్త సడలింది. అన్ని సాధారణ కొట్లాట ఆయుధాలూ పనికొస్తాయి, ప్రత్యేక శిక్షణ కావాల్సిన మార్షల్ కొట్లాట ఆయుధాల్లో ‘లైట్’ (తేలిక) గుణం ఉన్నవీ పనికొస్తాయి. నాగినాతా సంగతి చూడండి. 2014 డంజన్ మాస్టర్ గైడ్‌లో ఆసియా ఆయుధాల పేర్ల పట్టిక ఒకటి ఉంది. అందులో నాగినాతాకు జోడీ గ్లేవ్ అనే యూరప్ ఆయుధం. గ్లేవ్ బరువైనది, రెండు చేతులు కావాలి. అంటే పుస్తకం చెప్పినట్టే పేరు మార్చుకుంటే భిక్షువు ఆయుధం భిక్షువుకే దక్కదు!

అసలు ఆయుధాన్ని ఆటలోకి తేవాలనుకునేవాళ్లు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న, ‘దీనికి ఏ పాచిక ఇవ్వాలి?’ అని. డీ6 (ఆరు ముఖాల పాచిక) ఇద్దామా, డీ8 (ఎనిమిది ముఖాలది) ఇద్దామా అని గంటల తరబడి వాదులాడుకుంటారు. మాంక్ విషయంలో ఆ ప్రశ్నకు పెద్దగా విలువ లేదు. ఎందుకు లేదో లెక్క వేస్తే తేలిపోతుంది.

2014 రూల్స్‌లో ఒకటో లెవెల్ (అనుభవ స్థాయి) మాంక్, డెక్స్‌టెరిటీ (చురుకుదనం) బోనస్ 3 అనుకుందాం. కర్రను రెండు చేతులతో పట్టి కొడితే డీ8, అంటే సగటున 4.5, దానికి 3 కలిపితే 7.5. నున్‌చాకుతో కొడితే డీ4, అంటే 2.5కు 3 కలిపి 5.5. తేడా 2. ఇది ఉన్నంతలో చెప్పుకోదగ్గ తేడానే. అయితే మాంక్‌కు సొంతంగా మార్షల్ ఆర్ట్స్ పాచిక ఒకటుంటుంది. ఆయుధం పాచిక చిన్నదైతే దాని బదులు దీన్ని వేసుకోవచ్చు. ఇది ఒకటో లెవెల్‌లో డీ4, ఐదులో డీ6, పదకొండులో డీ8, పదిహేడులో డీ10. అంటే పదకొండో లెవెల్‌కి వచ్చేసరికి నున్‌చాకూ కర్రా ఒకటే దెబ్బ కొడతాయి. పదిహేడో లెవెల్‌లో బాకు, కొడవలి, కర్ర, పిడికిలి అన్నీ డీ10. 2024లో ఈ పాచిక డీ6తో మొదలై ఐదో లెవెల్‌కే డీ8 అవుతుంది కాబట్టి తేడా ఇంకా ముందే చెరిగిపోతుంది.

కాబట్టి మాంక్ ఆయుధంలో మిగిలేవి దెబ్బ తాలూకు అంకెలు కావు. ఎంత దూరం అందుతుంది, విసరవచ్చా, నరుకుతుందా పొడుస్తుందా మోదుతుందా, దాచుకోవచ్చా, ఎదుటివాడి ఆయుధాన్ని ఏం చేయగలదు అన్నవే మిగులుతాయి. అసలు యుద్ధ విద్యల్లోనూ ఒక ఆయుధాన్ని మరొకదాని నుంచి వేరు చేసేవి ఇవే. ఆయుధాన్ని ఆటకు తగ్గట్టు మలచడమంటే ఈ గుణాల్లో ఏది దాని ప్రాణమో పట్టుకుని, దానికి ఒక్క రూల్ ఇచ్చి, ఆ రూల్‌కు ఒక ధర, అంటే దానికి బదులుగా వదులుకోవాల్సింది, కట్టడం. చాలా ఆయుధాలకు అంత దూరం వెళ్లనక్కర్లేదు కూడా.

పేరు మారిస్తే సరిపోయేవి

నున్‌చాకును గద (క్లబ్) లాగా, కామాను కొడవలిలాగా వాడుకోమని 2014 పుస్తకమే చెప్పింది. పక్కకు పిడి ఉండే టోన్‌ఫా కర్ర కూడా గదే. త్రిశూలం విషయంలో అయితే ఐదో ఎడిషన్ ఆటగాళ్ల మధ్య పాత జోక్ ఒకటుంది. 2014 పట్టికలో త్రిశూలం దెబ్బ, విసిరే దూరం, రెండు చేతులతో పడితే వచ్చే డీ8, అన్నీ అచ్చం ఈటెవే. బరువు ఒక పౌండు ఎక్కువ, ధర ఎక్కువ, పైగా అది మార్షల్ ఆయుధం. అంటే ఎక్కువ శిక్షణ, ఎక్కువ డబ్బు, లాభం సున్నా. నాగా సాధువు లాంటి మాంక్‌ను ఆడాలనుకునేవారికి ఇది మేలే అయింది. క్యారెక్టర్ షీట్ మీద ఈటె అంకెలు రాసుకుని త్రిశూలం అని పిలిస్తే ఎవరికీ అన్యాయం జరగదు. 2024లో త్రిశూలాన్ని డీ8కు, రెండు చేతులతో డీ10కు పెంచారు కాబట్టి ఇప్పుడు మాత్రం పేరు మార్పు ఒక్కటే కాదు, నిజమైన ఎంపిక.

ఒకినావా జాలర్ల తెడ్డు, ఎకు, కర్రలాంటిదే. దాని సాధనలో ఒక ముచ్చటైన కదలిక ఉంది. తెడ్డు అంచుతో ఇసుకను ఎగజిమ్మి ఎదుటివాడి కళ్లలో కొట్టడం. దీన్ని రూల్‌గా రాసి ఆయుధానికి శాశ్వతంగా అతికించడం అనవసరం. పోరు ఇసుక మీద జరుగుతున్నప్పుడు ఆటగాడు అడిగితే, ఒక బోనస్ యాక్షన్ (తన వంతులో దొరికే అదనపు చిన్న పని) ఖర్చు పెట్టి ప్రయత్నించమని డీఎమ్ (ఆట నడిపే డంజన్ మాస్టర్) అంటే చాలు. రాతి గుహలో ఆ తెడ్డు మామూలు కర్రే. నేలను బట్టి వచ్చే లాభం నేలతోనే పోవాలి.

సాయ్‌ను మాత్రం చాలామంది తప్పుగా అనువదిస్తారు. మొన దేలి ఉంటుంది కాబట్టి బాకు అంకెలు ఇచ్చి పొడిచే ఆయుధం చేస్తారు. అసలు సాయ్‌కి పదును ఉండదు. అది ఇనుప లాఠీ. పిడి దగ్గర రెండు కొక్కేలు ఉండేది ఎదుటివాడి కర్రనో కత్తినో పట్టి మెలిపెట్టడానికి. అందుకే దెబ్బ మోదుడు రకంగా ఉండాలి, ప్రత్యేకత ఆయుధం పట్టుకోవడంలో ఉండాలి. 2024 మాంక్‌కు మూడో లెవెల్‌లో ఇందుకు పనికొచ్చే శక్తి ముందే ఉంది, డిఫ్లెక్ట్ అటాక్స్. రియాక్షన్ (ఎదుటివాడి వంతులో చేసే ప్రతిచర్య) వాడి, మీదికి వచ్చే దెబ్బను డీ10 ప్లస్ డెక్స్‌టెరిటీ బోనస్ ప్లస్ లెవెల్ మేర తగ్గించవచ్చు. పూర్తిగా సున్నా చేస్తే ఒక ఫోకస్ పాయింట్ (మాంక్ తన శక్తులకు ఖర్చు పెట్టేది) పెట్టి ఆ ఊపును మరొకరి మీదికి మళ్లించవచ్చు. సాయ్ పట్టిన మాంక్‌కు అక్కడ ఒక్క మార్పు చేస్తే పని అయిపోతుంది. దెబ్బ మళ్లించే బదులు, ఎదుటివాడు స్ట్రెంత్ సేవ్ (బలంతో తట్టుకోవడానికి వేసే పాచిక)లో తప్పితే ఆయుధం చేజారుతుంది. కొత్త పట్టిక లేదు, కొత్త పాచిక లేదు. పాయింట్ ఖర్చు ఎటూ ఉంది కాబట్టి ధర కూడా కట్టినట్టే.

పొడవు అనే తలనొప్పి

ఆరడుగుల కర్రకూ జానెడు బాకుకూ ఐదో ఎడిషన్‌లో అందే దూరం ఒక్కటే, ఐదడుగులు. కర్రసాము ఒక్కసారి చూసినవారికి కూడా ఇది మింగుడు పడదు. చేతిలో పొడవాటి కర్ర ఉన్నవాడి దగ్గరికి బాకు పట్టినవాడు వెళ్లడమే ఒక గండం. 2019లో వచ్చిన, పాత్‌ఫైండర్ అనే ఇదే కోవ ఆట రెండో ఎడిషన్ ఈ విషయంలో తెగించింది. అందులో బో స్టాఫ్‌కు డీ8తో పాటు దూరం అందే గుణం, కాళ్లు లాగి పడేసే గుణం, దెబ్బ కాచుకునే గుణం మూడూ ఇచ్చి, మాంక్ ఆయుధం అని ముద్ర వేశారు. ఆ ఆటలో యాక్షన్ల లెక్క వేరు కాబట్టి అక్కడ చెల్లింది. దాన్ని యథాతథంగా ఐదో ఎడిషన్‌లోకి లాక్కొస్తే చిక్కు వస్తుంది.

ఆ చిక్కు పేరు స్టన్నింగ్ స్ట్రైక్. ఐదో లెవెల్ నుంచి మాంక్ దెబ్బ తగిలినప్పుడు ఒక పాయింట్ పెట్టి ఎదుటివాడిని నిశ్చేష్టుడిని చేయడానికి ప్రయత్నించవచ్చు. పదడుగులు అందే ఆయుధం మాంక్ చేతిలో ఉంటే ఏమవుతుంది? దూరం నుంచి కొడతాడు. సేవ్ తప్పిన రాక్షసుడు కొయ్యబారిపోతాడు. అప్పుడు తాపీగా దగ్గరికి నడిచి, అడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటూ) పిడిగుద్దులు కురిపిస్తాడు. సేవ్ తప్పకపోతే అక్కడే ఉండిపోతాడు, ఎదుటివాడికి చిక్కడు. గెలిస్తే పూర్తి లాభం, ఓడితే నష్టం లేదు. అందుకే డీఎమ్‌లు మాంక్‌కు పొడవాటి ఆయుధం అనగానే భయపడతారు. 2017లో వచ్చిన కెన్సెయ్ అనే మాంక్ శాఖకు కొరడా లాంటి మార్షల్ ఆయుధాలు అందాయి గానీ, బరువైనవి అక్కడా నిషేధమే. 2020లో వచ్చిన డెడికేటెడ్ వెపన్ అనే ఐచ్ఛిక రూల్ కూడా బరువైన ఆయుధాల దగ్గర ఆగిపోయింది.

భయం నిజమే కానీ, అందులో సగానికి మాంక్ క్లాస్ తనంతట తానే విరుగుడు చూపిస్తుంది. పిడికిలికి, కాలికి అందేది ఐదడుగులే. పదడుగుల దూరంలో నిలబడి నాగినాతా తిప్పే మాంక్‌కు బోనస్ యాక్షన్ పిడిగుద్దు అందదు. అది కావాలంటే దగ్గరికి రావాలి. దగ్గరికొస్తే పొడవు వల్ల వచ్చిన రక్షణ పోతుంది. అంటే పొడవుకు ధర ముందే ఉంది. మిగిలిన సగానికి ఒక్క హౌస్ రూల్ (జట్టు సొంతంగా పెట్టుకునే రూల్) చాలు: స్టన్నింగ్ స్ట్రైక్ ఐదడుగుల లోపు ఉన్నవారి మీదే పనిచేస్తుంది. నరాల మీద, మర్మస్థానాల మీద గురిచూసి కొట్టే విద్యకు ఆ మాత్రం దగ్గరితనం కావాలనడంలో తప్పేమీ లేదు.

ఈ ఒక్క వాక్యం ఒప్పుకుంటే తలుపులు చాలా తెరుచుకుంటాయి. నాగినాతాకు గ్లేవ్ డీ10 వద్దు, బరువు వద్దు. డీ8, రెండు చేతులు, పదడుగుల దూరం ఇవ్వవచ్చు. రెండు చేతులూ కర్రకే ఉన్నా మాంక్ తన్నగలడు. నిరాయుధ దెబ్బ అంటే పిడికిలే కానక్కర్లేదని ఆట ముందే ఒప్పుకుంది. హియెయ్ కొండ భిక్షువులు రాజధానినే గడగడలాడించినవాళ్లు, చివరికి 1571లో ఓడా నొబునాగా ఆ ఆలయాన్ని తగలబెట్టించాడు. వాళ్ల వారసుడని చెప్పుకునే క్యారెక్టర్ చేతిలో కొడవలి పెట్టి సర్దుకోమనడం బాగుండదు.

మామూలు కర్రకు కూడా పదడుగులు ఇచ్చేయాలా? అక్కర్లేదు. రెండు చేతులతో పట్టినప్పుడు, టర్న్‌కు ఒక్కసారి, ఒక్క పోటు మాత్రం పదడుగులు అందుతుందనుకుంటే చాలు. కర్ర కొస దగ్గర పట్టి ముందుకు పొడిచే పోటు చాలా కర్ర విద్యల్లో ఉన్నదే.

శిలువ ఈటెది ఇంకో దారి. నారాలో కోఫుకుజి ఆలయానికి అనుబంధమైన హోజోయిన్‌లో ఉండేవాడు ఇన్యెయ్ అనే భిక్షువు, 1521లో పుట్టి 1607లో పోయాడు. సరుసావా కొలనులో తన ఈటె మొన నీడ మీద నెలవంక నీడ అడ్డంగా పడటం చూసి, మొనకు రెండు పక్కలా అలుగులు పెట్టాలని అతనికి తోచిందని కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా ఆ అడ్డ అలుగుల పని స్పష్టం. వచ్చే ఈటెను పక్కకు తోస్తాయి, వెనక్కి లాగేటప్పుడు కూడా కోస్తాయి. దీన్ని 2024 భాషలో చెప్పాలంటే ‘శాప్’ అనే వెపన్ మాస్టరీ (ఆయుధానికి ఉండే ప్రత్యేక గుణం) సరిపోతుంది. దెబ్బ తగిలినవాడి తర్వాతి దాడికి డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నది తీసుకోవడం) వస్తుంది. ఈటెకు ఆ మాస్టరీ పుస్తకంలోనే ఉంది. విచిత్రమేమిటంటే 2024లో ఫైటర్‌కు, రోగ్‌కు, రేంజర్‌కు వెపన్ మాస్టరీ ఇచ్చి మాంక్‌కు ఇవ్వలేదు. ఒక సంప్రదాయానికి చెందిన ఒక్క ఆయుధంతో ఒక్క మాస్టరీ వాడుకోనిస్తే మాంక్ ఏమీ చెలరేగిపోడు. కర్రకు టాపుల్ (పడదోయడం), ఈటెకు శాప్, గదకు స్లో (వేగం తగ్గించడం). ‘నిక్’ మాత్రం ఇవ్వకూడదు. అది ఉచితంగా ఇంకో దెబ్బ కొట్టనిస్తుంది. మాంక్ అసలే దెబ్బల సంఖ్య మీద బతికేవాడు. అక్కడ లెక్క చేయి దాటిపోతుంది.

ఉరుమి: తేలికగా చెడిపోయే డిజైన్

ఇంటర్నెట్‌లో తిరిగే హోమ్‌బ్రూ (ఆటగాళ్లు సొంతంగా తయారుచేసుకున్న) ఆయుధాల్లో ఉరుమి అంత మోజు ఉన్నది ఇంకోటి కనిపించదు. కేరళ యుద్ధ విద్య కలరిపయట్టులోని ఈ ఆయుధం వంగే ఉక్కు పట్టీ. మనిషి పొడవుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, వాడనప్పుడు నడుముకు మొలతాడులా చుట్టుకోవచ్చు. విదిలిస్తే మొదలైన ఊపును ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. ఆపితే పట్టీ వెనక్కి తిరిగి పట్టినవాడినే కోస్తుంది. డాలు అడ్డం పెట్టినా దాని అంచు మీదుగా వంగి లోపలికి వస్తుంది. ఇంత ప్రమాదకరం కాబట్టే శిష్యులకు దీన్ని ఆయుధాల్లో చిట్టచివర నేర్పుతారు.

దీన్ని ఆటలోకి తెచ్చేవాళ్లు దాదాపు అందరూ రాసే రూల్ ఒకటే: దాడికి వేసే ఇరవై ముఖాల పాచిక మీద 1 పడితే నీకే దెబ్బ. వినడానికి భలేగా ఉంటుంది. లెక్క వేస్తే తలకిందులవుతుంది. ఒకటో లెవెల్ మాంక్ టర్న్‌కు ఒకసారి ఆయుధంతో కొడతాడు. నాలుగు రౌండ్ల పోరులో కనీసం ఒక్కసారైనా 1 పడే అవకాశం 18.5 శాతం. ఐదో లెవెల్‌లో టర్న్‌కు రెండుసార్లు కొడతాడు, అదే పోరులో ఎనిమిది పాచికలు. ఇప్పుడు అవకాశం 33.7 శాతం. అంటే కొత్తగా చేరిన శిష్యుడి కంటే ఏళ్ల తరబడి సాధన చేసినవాడు ఎక్కువసార్లు తన కాలు తానే కోసుకుంటాడు! గురుక్కళ్ (కలరి గురువు) ఎవరైనా వింటే నవ్విపోతారు. దెబ్బలు ఎక్కువ కొట్టే క్లాస్‌లన్నింటికీ ఈ రకం రూల్ చేసే అన్యాయం ఇదే, మాంక్‌కు మరీ ఎక్కువ.

ధర వేరే చోట కట్టాలి. అసలు ఆయుధంలో ఉన్న అసలు ఇబ్బందులు మూడు: ఆపకుండా తిప్పాలి, చుట్టూ చోటు కావాలి, తిప్పుతూ వేరే పని చేయడం కష్టం. ఆటలో వీటన్నింటికీ సరిపోయే నాణెం బోనస్ యాక్షన్. కాబట్టి ఇలా అనుకోవచ్చు. ఉరుమి డీ6, కోత రకం, పదడుగులు అందుతుంది, మాంక్ ఆయుధం. తిప్పడం మొదలుపెట్టడానికి ఒక బోనస్ యాక్షన్, ప్రతి టర్న్‌లో తిప్పుతూ ఉండటానికి మళ్లీ బోనస్ యాక్షన్. ఊపు ఉన్నంత సేపు డాలు వల్ల వచ్చే రక్షణ ఎదుటివాడికి లెక్కలోకి రాదు. ఆ పదడుగుల లోపలికి ఎవరైనా అడుగుపెడితే రియాక్షన్‌తో ఒక దెబ్బ కొట్టవచ్చు. సొంత జట్టువాడు ఐదడుగుల లోపు ఉంటే దాడికి డిసడ్వాంటేజ్. ఇరుకు గదిలో, సొరంగంలో తిప్పడమే కుదరదు.

తూకం సరిపోయిందా? ఐదో లెవెల్, 2014 రూల్స్, డెక్స్‌టెరిటీ బోనస్ 4. కర్ర పట్టిన మాంక్ రెండు కర్ర దెబ్బలు 17, బోనస్ పిడిగుద్దు 7.5, అన్నీ తగిలితే టర్న్‌కు 24.5. ఉరుమి మాంక్‌కు రెండు దెబ్బలు 15, ఎవరైనా దగ్గరికొస్తే రియాక్షన్ దెబ్బ 7.5, మొత్తం 22.5. ఎవరూ దగ్గరికి రాకపోతే 15తో సరి. అంటే రియాక్షన్ దెబ్బ పడినా కర్ర కంటే రెండు పాయింట్లు తక్కువే. బదులుగా దూరం, డాలు లెక్కచేయకపోవడం, నడుముకు చుట్టుకుని రాజదర్బారులోకి వెళ్లగలగడం. ఒకే శత్రువుతో గదిలో కొట్లాడేటప్పుడు కర్రే మేలు. గుంపు చుట్టుముట్టే మైదానంలో ఉరుమి మేలు. అసలు విద్యలోనూ పరిస్థితి అదే కదా.

మెత్తటి ఆయుధాలు చాలావరకు ఈ అచ్చులో పడతాయి. చైనాలో తాడుకు కట్టి విసిరే బాణం, తొమ్మిది కణుపుల ఇనుప కొరడా, ఒకినావా గొలుసు సురుజిన్, అన్నిటికీ తిప్పుడే ప్రాణం. డాలు సంగతి తీసేసి, దాని బదులు కాళ్లకు చుట్టి పడేసే గుణం ఇస్తే సరి. మూడు ముక్కల కర్ర మాత్రం మడిచి పట్టినప్పుడు గద, విప్పినప్పుడు పొడవాటి కర్ర అనుకుంటే చాలు. దానికి పేజీలకు పేజీలు రాసినవాళ్లు ఉన్నారు గానీ టేబుల్ దగ్గర ఎవరికీ గుర్తుండదు.

కలరి గురించి ఇంకో మాట. అక్కడి శిక్షణ వరుస సాధారణంగా మెయ్‌తారి, కోల్‌తారి, అంకతారి, వెరుంకై. ముందు ఒంటి కసరత్తు, తర్వాత కర్రలు, తర్వాత లోహపు ఆయుధాలు, అన్నీ అయ్యాకే ఉట్టి చేతులు. ఆట మాంక్ సరిగ్గా దీనికి తిరగబడి ఉంటాడు. మొదటి రోజు నుంచీ పిడికిలే, ఆయుధం అదనపు అలంకారం. కలరి మాంక్‌ను ఆడాలనుకునేవారు ఒకటో లెవెల్‌లో కర్రతో మొదలుపెట్టి, ఐదు దాటాక లోహపు ఆయుధం పట్టి, పదకొండు తర్వాత అన్నీ వదిలేసి చేతులతో మిగలవచ్చు. పాచిక ఆపాటికి డీ8 అయి ఉంటుంది కాబట్టి అంకెల్లో ఏ నష్టమూ రాదు. రూల్స్ మార్చకుండానే ఆ విద్య క్రమం షీట్ మీదికి వచ్చేస్తుంది.

మన వైపు సన్యాసి

భారతీయ సన్యాసిని మాంక్‌గా ఆడేవాళ్లు చాలామంది తిన్నగా కలరి దగ్గరికో బోధిధర్ముడి దగ్గరికో వెళ్లిపోతారు. బోధిధర్ముడు షావోలిన్‌కు యుద్ధ విద్య నేర్పాడన్నది ఐతిహ్యమే తప్ప చరిత్రకారులు ఒప్పుకునేది కాదు. కలరి కూడా సన్యాసుల విద్య కాదు. ఆయుధం పట్టిన సన్యాసులు కావాలంటే దశనామి సన్యాసుల అఖాడాలు (ఆయుధ దళాలు) ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో అనూప్‌గిరి గోసాయి లాంటివాళ్లు వేలాది నాగా సైనికులను నడిపించారు, నవాబులకు కొలువు చేశారు. ఇప్పటికీ కుంభమేళాలో నాగా సాధువుల చేతుల్లో త్రిశూలం, కత్తి, చిమ్టా కనిపిస్తాయి. ధుని (సాధువుల అగ్నిగుండం) దగ్గర నిప్పు కదిపే పొడవాటి ఇనుప పట్టకారే చిమ్టా. ఆటలో దీన్ని గదగా లెక్కేసి, నిప్పును తాకినా చేయి కాలదన్న చిన్న వెసులుబాటు ఇస్తే సొగసుగా ఉంటుంది. అయితే దండి స్వాముల చేతిలోని దండం వేరు, అది దీక్షకు గుర్తు. దాన్ని క్వార్టర్‌స్టాఫ్ చేసేయడం తొందరపాటు.

ఫకీర్లు పట్టిన మడు దగ్గర అసలైన రూల్ చిక్కు వస్తుంది. రెండు కృష్ణజింక కొమ్ములను మొదళ్ల దగ్గర కలిపి, మొనలు చెరోవైపు ఉండేట్టు కట్టి, మధ్యలో చిన్న డాలు పెడతారు. ఇది ఆయుధమా, డాలా? డాలు అన్నారంటే మాంక్‌కు గొడవ. డాలు పట్టిన క్షణంలో కవచం లేకుండా వచ్చే రక్షణ, మార్షల్ ఆర్ట్స్ శక్తులు రెండూ పోతాయి. కాబట్టి బాకు అంకెలతో ఆయుధంగానే ఉంచి, సాయ్‌కి చెప్పిన రియాక్షన్ పద్ధతి వాడుకోవడం తెలివైన పని. మొనలు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి వెనకనున్న వాడిని కూడా పొడవవచ్చు అని ఎవరో అడుగుతారు. ఐదో ఎడిషన్ మామూలు రూల్స్‌లో మనిషి ఎటు తిరిగి ఉన్నాడన్నది లెక్కలోనే లేదు, కాబట్టి సరే అనేస్తే పోయేదేమీ లేదు.

తెలుగు నేల మీద కర్రసాము, కత్తిసాము ఉన్నాయి. పీర్ల పండుగ ఊరేగింపుల్లో, దసరాకు ఇప్పటికీ ప్రదర్శిస్తారు. అమలాపురంలో విజయదశమికి జరిగే చెడీ తాలింఖానాలో కళ్లకు గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయలను కత్తితో నరుకుతారు. దీన్ని చూసిన ఆటగాడికి ‘చూపు లేకుండా కొట్టే శక్తి ఇవ్వండి’ అని అడగాలనిపిస్తుంది. తొందరపడకూడదు. అక్కడ పడుకున్న మనిషి కదలడు, కూరగాయ కదలదు. అది గురి, జ్ఞాపకం, నమ్మకం కలిసిన విద్య. పెర్ఫార్మెన్స్ లేదా స్లైట్ ఆఫ్ హ్యాండ్ పాచికకు అడ్వాంటేజ్ ఇవ్వవచ్చు గానీ, కనపడని శత్రువుతో పోరాడే శక్తి దాని నుంచి రాదు. కర్రసాములో ఒంటి చుట్టూ కర్రను ఎడతెరిపి లేకుండా తిప్పడం మాత్రం నేరుగా పోరులోకి వస్తుంది. చుట్టూ నలుగురున్నా లోపలికి రానివ్వకపోవడమే దాని పని. మాంక్‌కు పేషెంట్ డిఫెన్స్ ఎలాగూ ఉంది, 2014లో ఒక కీ పాయింట్ (ఫోకస్ పాయింట్‌కు అప్పటి పేరు) పెట్టి బోనస్ యాక్షన్‌గా డాడ్జ్ (దెబ్బలు తప్పించుకోవడం) చేయడం. దాన్ని కర్ర తిప్పుడుగా వర్ణించుకుంటే చాలు, కొత్త రూల్ రాయడం దండగ.

చివరగా పిడికిలికి తొడిగే ఆయుధాలు. ఒకినావా టెక్కో, మన జెట్టి మల్లుల వజ్రముష్టి ఈ కోవలోవి. మైసూరు దసరాలో వజ్రముష్టి పోటీ మొదటి నెత్తురు బొట్టు కనపడగానే ఆగిపోతుంది, అంత పదును ఆ తొడుగులది. ఆటలో వీటిని ఆయుధం అని రాస్తే వెంటనే ఒక సమస్య వస్తుంది. ఫ్లరీ ఆఫ్ బ్లోస్ (వరుస గుద్దుల శక్తి) నిరాయుధ దెబ్బలకే వర్తిస్తుంది కాబట్టి, చేతికి తొడుగు వేసుకున్న మాంక్ తన గుద్దులు గుద్దలేకపోతాడు. నిరాయుధమే అని రాసి డ్యామేజ్ బోనస్ ఇస్తే ప్రతి మాంక్ మొదటి రోజే కొనుక్కుంటాడు. మధ్యే మార్గం ఉంది. నిరాయుధ దెబ్బగానే ఉంచి, డ్యామేజ్ రకాన్ని మాత్రం మోదుడు నుంచి పోటు లేదా కోతగా మార్చుకునే వీలివ్వడం. అంకె మారదు. ఇక డీఎమ్ నిధిలో మాయా ఆయుధం పెట్టాలనుకుంటే, నిరాయుధ దెబ్బలకు బోనస్ ఇచ్చే చేతి పట్టీలు 2024 గైడ్‌లో ఉన్నాయి, వాటికే వజ్రముష్టి రూపం ఇవ్వవచ్చు. ఉరుమి పట్టిన మాంక్‌కైతే ఆ సౌలభ్యం లేదు. పుస్తకంలోని నిధుల పట్టికల్లో ఉరుమి ఉండదు. మొదటి సెషన్‌కు ముందే దొరకబోయే మాయా కొరడాలన్నీ ఉరుములే అని ఆటగాడు, డీఎమ్ ఇద్దరూ మాట్లాడుకోకపోతే, జట్టులో అందరి ఆయుధాలూ వెలుగుతుంటే అతనిది మాత్రం పదో లెవెల్‌కి కూడా ఉట్టి ఉక్కు పట్టీగానే ఉండిపోతుంది.